ముగ్గురాయి బరువు

వయసు మీద పడ్డాక మనిషికి రెండు కొత్త అలవాట్లు వస్తాయి. ఒకటి, పేపరు రాగానే ముందు పోయినవాళ్ళ ఫోటోలు చూడడం. రెండు, ఎవరు కనబడినా ‘మా రోజుల్లో’ అని మొదలుపెట్టడం. మొదటిదాని వల్ల ఎవరికీ నష్టం లేదు. రెండోదాని వల్లనే ఇంట్లో మనవళ్ళు గదులు మారుతుంటారు. ఈ శీర్షిక రాస్తున్నందుకు నాకున్న సుఖం ఏమంటే, మీరు గది మారలేరు. మహా అయితే పేజీ తిప్పుతారు.

ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ఆమె కోపం నాకు నచ్చింది. “సంగటి గురించి రాస్తారు, చద్దన్నం గురించి రాస్తారు, సైకిల్ బెల్లు గురించి కూడా రాశారు. మీది మంగంపేట అంటారు గదా! లోకమంతా ఎరిగిన ముగ్గురాయి గని మీ ఊళ్ళో పెట్టుకుని దాని మీద ఒక్క వారమూ రాయరేం? పెద్ద విషయాలు మీకు పట్టవా?” అని అడిగారు. పట్టవనే అనుకో తల్లీ. అయినా అడిగావు కాబట్టి ఈ వారం రాత రాయి మీదే.

రాయలసీమలో రాళ్ళు తప్ప ఏముంది అంటుంటారు బయటివాళ్ళు. నాకు రాత నేర్పినవి ఆ రాళ్ళే. నేను అ ఆలు దిద్దిన పలక మార్కాపురం రాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం మా సీమదే, కర్నూలు జిల్లాలోది. ఆ పలక మీద దిద్దిన బలపం కూడా మెత్తటి రాయే. అదీ కర్నూలు జిల్లాలో దొరికేదే. వేసవి పరీక్షలకు బోర్లా పడుకుని చదివిన నేల నాపరాయి. మే నెల మధ్యాహ్నం ఆ బండల చల్లదనం ముందు ఇప్పటి ఏసీలు ఏపాటి? ఇక తెల్లవారి లేచి గడప దాటగానే వాకిట్లో మా అమ్మ రాసిన రాత ఉండేదే, అది ముగ్గురాయి. పలక మీద నేను రాసింది నేనే తుడిచేవాణ్ణి. వాకిట్లో ఆమె రాసింది ఊరంతా తొక్కి తుడిచేది. మర్నాడు ఆమె మళ్ళీ రాసేది. విసుక్కోగా నేను చూడలేదు.

ముగ్గుపిండి అంతా ఒకే రాయి కాదు లెండి. ఒకచోట సున్నపురాయి, ఒకచోట బియ్యప్పిండి, ఇంకోచోట మరేదో తెల్లరాయి. మా దగ్గర మాత్రం బెరైటీసు. బడిలో సైన్సు అయ్యవారు దాన్ని బేరియం సల్ఫేట్ అన్నాడు. ఇంట్లో మా జేజి ముగ్గురాయి అంది. ఇద్దరిలో జేజి మాటే నిలిచింది. ఇవాళ్టికీ కాగితాల మీద తెలుగులో రాయాల్సి వస్తే ఆఫీసువాళ్ళు కూడా ముగ్గురాయి అనే రాస్తారు. కోట్ల రూపాయల వ్యాపారం జరిగే ఖనిజానికి ఆడవాళ్ళు వాకిట్లో పెట్టిన పేరే ఖాయమైందంటే నాకు భలే సంతోషం.

ఆ రాయి లక్షణం చూపుకి తెలియదు, చేతికి తెలుస్తుంది. పిడికెడంత ముక్క ఎత్తి చూడండి. మామూలు రాయి అనుకుని ఎత్తిన చెయ్యి ఒక్కసారి కిందికి జారుతుంది. చెంబుడు నీళ్ళు కిలో తూగాయనుకుంటే, చెంబుడు మామూలు రాయి రెండున్నర కిలోల చిల్లర తూగుతుంది. అదే చెంబుడు ముగ్గురాయి నాలుగు కిలోలు దాటుతుంది. గ్రీకు భాషలో ‘బేరిస్’ అంటే బరువు. అందులోంచే దాని పేరు వచ్చింది. దగ్గర్లోని శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనం దుంగ నీళ్ళలో వేస్తే మునుగుతుంది. కట్టెగానీ రాయిగానీ మా వైపు తేలికైనవి తక్కువ. మనుషుల మాటా అంతేనని గిట్టనివాళ్ళంటారు.

ఒక కథ చెబుతాను. 1600 ప్రాంతంలో ఇటలీలో బొలోనా అనే ఊళ్ళో ఒక చెప్పులు కుట్టేవాడు ఉండేవాడు. పేరు కాషియరోలో. రాళ్ళ నుంచి బంగారం తీయాలని ఆయనకు పిచ్చి. ఊరి పక్క కొండ మీద బరువైన రాళ్ళు దొరికితే, ఇంత బరువుందంటే లోపల బంగారం ఉండకపోతుందా అని బొగ్గుల్లో వేసి కాల్చాడు. బంగారం రాలేదు. కానీ పగలు ఎండలో పెట్టిన ఆ రాయి రాత్రి చీకట్లో తనంతట తానే వెలిగింది! యూరప్ పండితులంతా ఆ వింత చూసి నోరెళ్ళబెట్టారు. ఆ రాయి మన ముగ్గురాయి జాతిదే. బేరియంను విడిగా తీయడం మాత్రం 1808లో లండన్‌లో హంఫ్రీ డేవీ వల్ల అయింది. పండగ మతాబుల్లో పచ్చ రంగు వచ్చేది కూడా బేరియం వల్లనే. పొగ మంచిది కాదని 2018లో సుప్రీంకోర్టు టపాకాయల్లో బేరియం లవణాలు వాడొద్దంది.

కడుపులో పుండుందేమోనని అనుమానమొస్తే డాక్టరు తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీయిస్తాడు. ఆ బేరియం మందూ ఇదే జాతి. నీళ్ళలో కరిగే బేరియం లవణాలు విషం. ఇది కరగదు కాబట్టి, కడుపులో దారులన్నీ ఎక్స్‌రేలో చూపించి ఎలా పోయిందో అలా బయటికి వచ్చేస్తుంది. నేనూ ఒకసారి తాగాను. రుచి మాత్రం ముగ్గుపిండి రుచే. చిన్నప్పుడు నాకి చూశాను గనక చెప్పగలను.

ఇక గని సంగతి. 1970ల నుంచి రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ఇక్కడ రాయి తీస్తోంది. మన దేశంలో ఉన్న ముగ్గురాయిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. అందులో ముఖ్యమైన నిల్వ మా మంగంపేటది. ఒక్కచోట ఇంత పెద్ద నిల్వ ప్రపంచంలో మరొకటి లేదంటారు. నిల్వ ఏడు కోట్ల టన్నుల పైమాటేనని పాత అంచనా. చుట్టూ దాన్ని పిండి చేసే మిల్లులు. ఆ పిండి చెట్ల ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద, మనుషుల ఊపిరిలో. తోటాలు పేలినప్పుడు అటక మీద గిన్నెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. రాయి పోయిన దూరాలకూ, ఊరికి మిగిలినదానికీ లెక్క కుదరలేదని చావడి దగ్గర ముసలివాళ్ళం మాట్లాడుకుంటూనే ఉంటాం. ఆ లెక్క వేరే వ్యాసం.

ఇంత రాయి ఎక్కడికి పోతుందంటారా? ఎక్కువ భాగం చమురు బావుల్లోకి. భూమిలో వేల అడుగులు రంధ్రం వేసేటప్పుడు అందులోకి ఒక బురద పంపుతారు. అది లోపలి రాతి ముక్కలను పైకి తెస్తుంది, తిరిగే ఇనుప మొనను చల్లబరుస్తుంది. దానికి ఇంకో ముఖ్యమైన పని ఉంది. అడుగున నూనె, గ్యాసు ఎంతో ఒత్తిడితో ఉంటాయి. అదుపు తప్పితే ఒక్కసారిగా పైకి తన్ని బావి బద్దలవుతుంది. అలా తన్నకుండా పైనుంచి అదిమి పట్టాలంటే బురద బరువుగా ఉండాలి. ఆ బరువు కోసం కలిపేది ముగ్గురాయి పిండి. అందుకే మా ఊరి రాయి గల్ఫ్ దేశాలకూ, అమెరికాకూ ఓడలెక్కి పోతుంది.

రాయి వెనకే మనుషులూ పోయారు. కోడూరు, రాజంపేట, రాయచోటి వైపు ఏ పల్లెకైనా వెళ్ళి ‘మీ ఇంట్లో కువైట్‌లో ఎవరైనా ఉన్నారా’ అని అడగండి. లేరనేవాళ్ళు అరుదు. మగవాళ్ళు డ్రైవర్లుగా, ఆడవాళ్ళు ఇంటి పనులకు. మా చిన్నతనంలో కువైట్‌లో చెల్లింది మన రూపాయే అంటే నేటి పిల్లలు నమ్మరు. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే రంగు నోట్లు అచ్చేసింది. 1961లో కువైట్ తన సొంత దినారు తెచ్చుకుంది. అప్పుడు మన రూపాయి అక్కడికి పోయింది, తర్వాత వాళ్ళ దినారు ఇక్కడికి వచ్చింది.

ఇక్కడే నా రచనా వ్యాసంగం ఒక మలుపు తిరిగింది. అప్పటికి నేను పత్రికలకు కథలు పంపేవాణ్ణి. చిన్నతనంలో కోడూరు స్టేషన్లో మద్రాసు బండి కోసం కాచుకున్నవాణ్ణి గదా! చందమామ, ఆంధ్రప్రభ వారపత్రిక అప్పుడు అచ్చయ్యేది మద్రాసులోనే. కట్ట విప్పకముందే సిరా వాసన మాకు తెలిసేది. ఆ వాసనే నన్ను రచయితను చేసింది. కథతో పాటు తిరుగు స్టాంపులు అతికించిన కవరు జత చేసేవాళ్ళం. ఆ కవర్లు ఎంతో నమ్మకంగా నా దగ్గరికి తిరిగి వచ్చేవి. తపాలా శాఖ మీద నాకు గౌరవం అలా పెరిగింది.

పత్రికలు అచ్చేసేలోగా ఊళ్ళోవాళ్ళే నన్ను రచయితను చేశారు. కువైట్‌కు ఉత్తరాలు రాసిపెట్టే పని నాది. సాయంత్రం బడి నుంచి రాగానే అరుగు మీద ఇద్దరు ముగ్గురు నీలం కాగితాలతో కూర్చుని ఉండేవాళ్ళు. ఒక తల్లి కూతురికి ఉత్తరం రాయమంది. కూతురు పోయి రెండేళ్ళు. నేను కథలు రాసే చెయ్యి కదా అని, ‘నీవు లేని ఈ ఇల్లు’ అని ఘనంగా మొదలుపెట్టి చదివి వినిపించాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“అవన్నీ రాయబాకండి అయ్యవారూ. పాప ఏడుస్తాది. ఎర్రావు ఈనిందని రాయండి. పెయ్యదూడ అని రాయండి. నొసట తెల్లమచ్చ ఉండాదని రాయండి. వాకిట్లో ఏడుచుక్కల ముగ్గు నేనే ఏస్తాండానని రాయండి. అది సాలు.”

“నీ మోకాళ్ళ నొప్పుల సంగతో?”

“అది మాత్రం రాయబాకండి.”

ఆమె చెప్పినట్టే రాశాను. రెండు నెలలకు జవాబొచ్చింది. చదివి పెట్టిందీ నేనే. కూతురు రాయించిన ఉత్తరంలో సగం ఆ పెయ్యదూడ గురించే. పేరేం పెట్టారు, మచ్చ గుండ్రంగా ఉందా పొడుగ్గా ఉందా, పాలు ఎవరు పితుకుతున్నారు... పరాయి ఇంట్లో గిన్నెలు తోముతూ రెండు నెలలపాటు ఆ అమ్మాయి ఆ దూడతోనే బతికిందని నాకు అర్థమైంది. సాహిత్యం గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం ఏ పుస్తకంలోదీ కాదు. ఆ తల్లి దగ్గర నేర్చుకున్నది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు మా ఊళ్ళో పొయ్యిలు వెలగని ఇళ్ళున్నాయి. ఉత్తరాల్లేవు, ఫోన్లు కలవవు. రేడియో ఉన్న అరుగు మీద జనం. వార్తలు వచ్చేటప్పుడు పసిపిల్ల ఏడ్చినా కసిరేవాళ్ళు. ఆ తర్వాత నెలల్లో మన ప్రభుత్వం లక్షన్నరకు పైగా మనుషులను విమానాల్లో తీసుకొచ్చింది. ఆ ఆడపిల్ల కూడా ఒక చేతిసంచితో ఇల్లు చేరింది. తల్లిని పలకరించి, నీళ్ళు తాగి, నేరుగా గాటిపాటకు పోయింది. దూడ అప్పటికి ఆవైంది. నొసట మచ్చ తడిమి చూసుకుని అప్పుడు ఏడ్చింది.

ప్రొద్దుటూరు అమ్మా, పెద్ద విషయాలు పట్టవా అన్నావు కదా! బావిలో ముగ్గుపిండి చేసే పనే మనిషిలో ఈ చిన్న సంగతులు చేస్తాయి. లోపలినుంచి ఎంతో తన్నుకొస్తుంటుంది. దిగులు, భయం, ఒంటరితనం. దాన్ని పైనుంచి అదిమి పట్టి మనిషిని నిలిపేది దూడ నొసటి మచ్చ, వాకిట్లో చుక్కల లెక్క. చూపుకు తేలిక, చేతికెత్తుకుంటే బరువు.

చుక్కల లెక్క అన్నాను గనక చెప్పనివ్వండి. మధ్య వరుసలో ఏడు చుక్కలు పెట్టి, అటూ ఇటూ సందు చుక్కలతో ఆరు, అయిదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి అని తగ్గించుకుంటూ పోండి. మొత్తం ఎన్ని? 49. ఏడు ఏడులు నలభై తొమ్మిది! మధ్యలో పదిహేను పెడితే 225. పదిహేను పదిహేనులు. ఎన్ని పెట్టినా అంతే. ఎక్కాలు రాని మా జేజి వాకిట్లో రోజూ వర్గాలు వేసింది. లెక్కల అయ్యవారు నాకు అది చెప్పడానికి బెత్తం వాడాల్సి వచ్చింది.

ఆ లెక్క ఈమధ్య నన్ను ఆదుకుంది. మా అక్కకు 84 ఏళ్ళు. నాకంటే ఆరేళ్ళు పెద్ద. రెండేళ్ళుగా ఆమెకు మతిమరుపు. మొదట తాళంచెవులు, తర్వాత మనవల పేర్లు, ఇప్పుడు నేను. నన్ను చూసి “ఎప్పుడొచ్చినావు చిన్నాయనా?” అంటుంది. మా చిన్నాయన పోయి నలభై ఏళ్ళు. ఇప్పుడే వచ్చానంటాను. సంగటి తిని పొమ్మంటుంది. అప్పట్లో బియ్యం లేక తిన్న సంగటిని ఇప్పుడు షుగర్ వల్ల తింటున్నామని నేను నవ్వుతాను. ఎందుకు నవ్వానో తెలియకపోయినా తనూ నవ్వుతుంది.

పోయిన ధనుర్మాసంలో మా మేనకోడలు ఆమె చేతికి ముగ్గుగిన్నె ఇచ్చింది. ఊరికే, ఏమవుతుందో చూద్దామని. అక్క వాకిట్లో కుర్చీపీట మీద కూర్చుని వంగింది. చూపుడువేలు, బొటనవేలు కలిసి పిండిని నలిపాయి. ఏడు చుక్కలు పడ్డాయి. ఆరు. అయిదు. నేను లోలోపల లెక్కపెడుతూ నిలబడ్డాను. 49. ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. తర్వాత మెలిక మొదలైంది. ఎక్కడా తెగకుండా తిరిగి తిరిగి మొదటి చుక్క దగ్గరికొచ్చి కలిసింది. తల ఎత్తి నన్ను చూసి మళ్ళీ “చిన్నాయనా” అంది.

ఇలా ఎలా అని నేను కొంత చదివాను. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఒకాయనకు 1953లో మూర్ఛ తగ్గడానికి మెదడుకు ఆపరేషన్ చేశారు. మూర్ఛ తగ్గింది గానీ, ఆ తర్వాత కొత్తగా ఏదీ జ్ఞాపకం ఉండకుండా పోయింది. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆయన చేత ఒక బొమ్మ గీయించింది. అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడపాలి. మూడు రోజులు గీశాడు. ప్రతిసారీ ‘ఇది నేనెప్పుడూ చేయలేదే’ అనేవాడట. చెయ్యి మాత్రం రోజురోజుకూ బాగా గీసింది! పేర్లు, సంగతులు దాచుకునే చోటు వేరు, చేతి విద్య దాచుకునే చోటు వేరు అని లోకానికి తెలిసింది అలాగే. అందుకే మతిమరుపు జబ్బుల్లో పేర్లు ముందు పోతాయి, చిన్ననాటి నుంచి చేసిన చేతిపని చాలాకాలం నిలుస్తుంది. మా అక్క ముగ్గు అక్కడ భద్రంగా ఉంది. నా పేరు పోయిన చోట అమ్మ నేర్పిన చుక్కలు ఉన్నాయి. నాకు బాధ లేదు. అంటే, ఉంది. కానీ 49 లెక్క సరిపోయిన పొద్దున అది కొంచెం తక్కువగా ఉంటుంది.

అక్క దారినే నేనూ నడుస్తానేమోనన్న భయం నాకుంది. ఈ వయసు రచయితలకు అది మిగతా భయాలన్నిటికంటే పెద్దది. దానికి నేను చేసుకున్న ఏర్పాటు ఒక రూళ్ళ నోటుపుస్తకం. పొద్దున కాఫీ తర్వాత ఒక్క పేజీ. అందులో ఆత్మకథ రాయను. ఒక మాటో, ఒక వస్తువో, ఒక అలవాటో రాస్తాను. మొన్న ‘దంతి’ గురించి రాశాను. నిన్న కోడూరు మామిడితోటలో కాపలా గుడిసె గురించి. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర మన మాటలన్నీ ఏరి 1852లో నిఘంటువు అచ్చేశాడు. కడపలో ఆయన బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉంది. 2023లో వెళ్ళిపోయిన మా కేతు విశ్వనాథరెడ్డిగారు గొప్ప కథకుడు. అయినా డాక్టరేటు కోసం ఆయన పరిశోధించింది కడప జిల్లా ఊళ్ళ పేర్లను. అంతటివాళ్ళు మాటలు ఏరుకుంటూ కూర్చోగా లేనిది నాకెందుకు నామోషీ?

ఇవాళ ఆదివారం. భోజనాలయ్యాక ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కాసేపు కూర్చోండి. ‘మీ జీవితం గురించి చెప్పండి’ అని అడగొద్దు. అంత పెద్ద ప్రశ్నకు వాళ్ళు ‘ఏముంది, గడిచిపోయింది’ అని ఊరుకుంటారు. మీ ఆవు పేరేమిటి, బడికి ఏ దారిన పోయేవాళ్ళు, పెళ్ళినాటి పొద్దున వాకిట్లో ఎన్ని చుక్కల ముగ్గు వేశారు అని అడగండి. పక్కన పిల్లల నోటుపుస్తకం ఒకటి పెట్టుకోండి. చిన్న ప్రశ్న వేస్తే జ్ఞాపకం దానంతటదే వస్తుంది. పేర్లు గుర్తు రాకపోతే చేతికి ముగ్గుగిన్నె ఇవ్వండి, చేమంతులు, దారం ఇవ్వండి, విస్తరాకులు, ఈనెపుల్లలు ఇవ్వండి. నోరు మరిచిపోయింది చెయ్యి చెబుతుందేమో!

వచ్చే ఆదివారం సంగటి తెడ్డు సంగతి. అది పెద్ద విషయమేనని ప్రొద్దుటూరు పాఠకురాలికి ముందుగానే మనవి.